సివిల్ నుంచి సీఎస్‌ఈ దాకా: ఒక కోరిక చరిత్ర

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్ పేరు రెండు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్‌గా మారింది గానీ, ర్యాంకులు వచ్చాక జరిగే తంతు మారలేదు. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు పై వరసలన్నీ కంప్యూటర్ సైన్సు, అంటే సీఎస్‌ఈతో నిండిపోతాయి. అది అయిపోతే దాని తోబుట్టువులైన ఏఐ, డేటా సైన్స్, ఐటీ. సివిల్, మెకానికల్ అడుగున ఎక్కడో ఉంటాయి, ఒక్కోసారి అక్కడా ఉండవు. ఎందుకు ఈ బ్రాంచే కావాలని అడిగితే ఒకే విద్యార్థి రెండు చోట్ల రెండు జవాబులు చెబుతాడు. పరాయి దేశపు విశ్వవిద్యాలయానికి పంపే దరఖాస్తులో, చిన్నప్పటి నుంచి కంప్యూటరంటే ప్రాణమని రాస్తాడు. ఇంట్లో అడిగితే, ఉద్యోగం వస్తుందంటాడు. మొదటి జవాబును పెద్దగా ఎవరూ నమ్మరు. రెండోది వినగానే మన వ్యాసకర్తలు తల పట్టుకుంటారు: చదువు మీద ప్రేమ లేని తరమనీ, డబ్బు యావ అనీ, తల్లిదండ్రుల ఒత్తిడి అనీ. ఆ నిందలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఈ కోరికకు పదిహేడేళ్ళ పిల్లవాడి కంటే చాలా ఎక్కువ వయసుంది. వాడు పుట్టకముందే కాలువలు, ప్రాజెక్టులు, జోన్ల ఉత్తర్వులు, కోర్టు తీర్పులు, అమెరికా వీసా చట్టాలు కలిసి దాన్ని తయారు చేసి పెట్టాయి. వాడి మనసులో ఏముందో వెతికే ముందు ఆ చరిత్రలోకి చూడటం న్యాయం.

మొదట సివిల్ సంగతి. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట 1852 నాటికి, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాక డెల్టా జిల్లాల్లో రెండు సంగతులు ఒకేసారి మొదలయ్యాయి. ఒకటి, పంట మిగులు. రెండోది, నీటిని నడిపే ఇంజనీరు పట్ల భక్తి. గోదావరి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కు ఊరూరా విగ్రహాలు లేచిన నేల ఇది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ గౌరవం మరింత పెరిగింది. 1955లో నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. సివిల్ ఇంజనీరైన కానూరి లక్ష్మణరావు కేంద్రంలో నీటిపారుదల మంత్రి అయ్యారు. పీడబ్ల్యూడీలో ఉద్యోగమంటే జీపు, క్వార్టరు, పింఛను, కాంట్రాక్టర్ల నమస్కారాలు. తెలివైన కుర్రవాడు మద్రాసు గిండీలోనో, కాకినాడలోనో, ఉస్మానియాలోనో, అనంతపురంలోనో సివిల్ చదవాలనుకోవడం ఆనాటి సహజ క్రమం. కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు పంచుకున్న రాజ్ రెడ్డి, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, గిండీలో 1958లో తీసుకున్న పట్టా సివిల్ ఇంజనీరింగులోనే. ఆ తరంలో సివిల్ సీటు కోరిన వాళ్ళను, నీకు కాంక్రీటంటే ఇష్టమా అని ఎవరైనా నిలదీశారా? దేశానికి ఆనకట్టలు కావాలి, సర్కారుకు ఇంజనీర్లు కావాలి, ఇంటికి జీతం కావాలి. ఈ మూడూ కలిసిన చోట ఆ కోరిక పుట్టింది. దాన్ని మనం దేశసేవ అన్నాం. అదే రకం కోరిక తరువాతి తరంలో మరో బ్రాంచి వైపు తిరిగితే దానికి వ్యామోహం అని పేరు పెట్టాం.

యంత్రాన్ని చూసి యంత్రం మీద మోజు పుట్టిందనే వాదనను కూడా ఇక్కడే పరీక్షించవచ్చు. హైదరాబాదుకు కంప్యూటర్ కొత్తగా వచ్చిన చుట్టం కాదు. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో ఈసీఐఎల్ మొదలైంది. భాభా అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను 1969లో ఆ సంస్థే బయటికి తెచ్చింది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్ళాక దాని యంత్రాల బాగోగులు చూసిన సర్కారీ సంస్థ సీఎంసీకి సికింద్రాబాదులో పరిశోధన విభాగం ఉండేది. రైల్వే టికెట్ల రిజర్వేషన్‌ను 1980ల నడుమ కంప్యూటర్ మీదికి ఎక్కించింది కూడా సీఎంసీయే. అంటే దేశంలో కంప్యూటర్లు తయారైన అతి కొద్ది ఊళ్ళలో మనది ఒకటి. అయినా 1970ల్లో మన ఇళ్ళలో కంప్యూటర్ చదువు ఊసు లేదు. ఈసీఐఎల్ పేరు జనానికి తెలిసింది టీవీల వల్ల. సాంబశివరావు పేరు ఇప్పుడు చాలామందికి ఏ.ఎస్. రావు నగర్ అనే బస్‌స్టాపుగా మాత్రమే తెలుసు. యంత్రం పక్క వీధిలో ఉంటే చాలదని దీన్నిబట్టి తేలుతోంది. అప్పట్లో ఆ చదువుకు సీట్లే లేవు కదా, కోరిక ఎలా పుడుతుందని ఎవరైనా అనవచ్చు. సరైన ఆక్షేపణే. ఆ మాట నా వాదనకే బలమిస్తుంది కూడా. సీటు, ఉద్యోగం అనే రెండు తలుపులు తెరుచుకున్నాకే కోరిక లోపలికి వస్తుంది. వాటిలో పాత తలుపు ఎలా మూసుకుందో, కొత్తది ఎవరు తెరిచారో చూడాలి.

పాత తలుపు సర్కారు కొలువు. 1960ల చివర్లో దేశమంతటా ఇంజనీర్లు నిరుద్యోగులయ్యారు. ప్రణాళికల ఖర్చు మందగించింది, కాలేజీల్లో సీట్లు తగ్గించారు. మన దగ్గర దీనికి తోడు మరో ముడి పడింది. సర్కారు ఉద్యోగాలు ఎవరివన్న తగాదా మీదే 1969లో తెలంగాణ ఉద్యమం రేగింది. స్థానికులకే కొలువులనే ముల్కీ నిబంధనల మీద 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం రేగింది. ఆ రెండింటి పర్యవసానంగా 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని జోన్లుగా విడగొట్టి, ఉద్యోగాల్లో స్థానికులకు కోటా కట్టింది. అది అమలు కావడం లేదన్న ఫిర్యాదు మీద 1985లో 610 జీవో వచ్చింది. ఇది తప్పని నేననడం లేదు. వెనకబడిన ప్రాంతాలకు ఆ రక్షణ అవసరమే. కానీ దాని ఫలితంగా ప్రతి సర్కారు కొలువుకూ ఒక ప్రాంతం, ఒక జోను, ఒక కోర్టు కేసు అంటుకున్నాయి. 1998లో ప్రపంచ బ్యాంకు రుణంతో ఆర్థిక సంస్కరణల కార్యక్రమం మొదలయ్యాక నియామకాలు మరీ పలచబడ్డాయి. జోను అడగని, సిఫారసు అడగని, పెట్టుబడి అడగని పని ఏదైనా ఉందా అని చదువుకున్న ఇళ్ళన్నీ వెతుక్కుంటున్న కాలంలో సాఫ్ట్‌వేర్ ఎదురైంది. తమిళనాడుకూ కర్ణాటకకూ సాఫ్ట్‌వేర్ మనకంటే ముందే వచ్చింది నిజమే. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లోనే బెంగళూరు చేరింది. అక్కడ వచ్చింది పరిశ్రమ. ఇక్కడ ఊరి నుంచి, జోను నుంచి, చివరికి దేశం నుంచి బయటపడే దారిగా వచ్చింది. ఈ తేడాకు మన రాజకీయ చరిత్ర ఒక కారణమని నా అభిప్రాయం.

ఇక సీట్ల కథ. కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే కోరికను సీటే పెంచి పోషించింది. 1977 దాకా మన రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ లేదు. ఆ ఏడు విజయవాడలో సిద్ధార్థ అకాడమీ ఒకటి పెట్టింది. 1979లో హైదరాబాదులో చైతన్య భారతి, 1981లో వాసవి వచ్చాయి. క్యాపిటేషన్ రుసుములు వార్తలకెక్కడంతో 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం మంచిదే. కానీ డబ్బున్నవాడి ఆశను చట్టం ఆపలేదు, రాష్ట్రం దాటించింది. డెల్టా నుంచి, రాయలసీమ నుంచి పిల్లలు మూటాముల్లె సర్దుకుని కర్ణాటక కాలేజీలకు బయలుదేరారు. అక్కడి క్యాపిటేషన్ వ్యవహారమే 1992లో మోహినీ జైన్ కేసుగా సుప్రీంకోర్టుకెక్కింది. మన రాష్ట్రంలో అదే ఏడు ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతుల వివాదంలో హైకోర్టు తప్పుపట్టడంతో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి రాజీనామా చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఇచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పులో ప్రతివాది పేరు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. ఆ తీర్పు ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లను ప్రతిభ ఉన్నవాళ్ళకు తక్కువ ఫీజుకు, సగం ఎక్కువ ఫీజు కట్టేవాళ్ళకు అని పంచింది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ పంపకాన్ని తోసిపుచ్చే నాటికి మన దగ్గర కాలేజీల వరద మొదలైపోయింది. సీటు కోసం రాష్ట్రం దాటిన డబ్బు రాష్ట్రంలోనే కాలేజీలుగా మొలకెత్తింది.

ఈ వరదలో సీఎస్‌ఈయే ఎందుకు తేలింది? దీనికి జవాబు విద్యార్థి మనసు కంటే కాలేజీ లెక్కల పుస్తకంలో స్పష్టంగా దొరుకుతుంది. మెకానికల్ బ్రాంచి పెట్టాలంటే లేతు యంత్రాలు, ఫౌండ్రీ, పెద్ద షెడ్డు కావాలి. సివిల్‌కు పదార్థాల బలం పరీక్షించే భారీ యంత్రాలు కావాలి. సీఎస్‌ఈకి ఒక ఏసీ హాలు, వరసగా పీసీలు చాలు, వాటినే మూడు పూటలా మూడు సెక్షన్లకు తిప్పవచ్చు. 1990ల చివర్లో కంప్యూటర్ల ధరలు పడిపోతున్న కొద్దీ ఈ బ్రాంచి పెట్టడం మరింత తేలికైంది. పాఠం చెప్పడానికి నిన్నటి బ్యాచి పట్టభద్రుడు సరిపోయాడు. తక్కువ ఖర్చుతో ఎక్కువ సీట్లు వచ్చే బ్రాంచిని యాజమాన్యాలు ప్రేమించకుండా ఎలా ఉంటాయి? ఐటీ అనే కొత్త బ్రాంచి పుట్టుకకూ, ఈమధ్య ఏఐ, సైబర్ సెక్యూరిటీ పేర్లతో మొలిచిన శాఖలకూ విజ్ఞానం ఎంత కారణమో ఈ లెక్కా అంతే కారణం. బజారులో ఎక్కువగా పెట్టిన సరుకునే జనం ఎక్కువగా కోరుకున్నారంటే అందులో వింత లేదు.

కొనడానికి డబ్బు, గెలవడానికి ర్యాంకు కూడా ఉండాలి కదా. డబ్బు మొదట డెల్టా మిగులు నుంచి వచ్చింది. హరిత విప్లవం తరువాత కోస్తా రైతులు బియ్యం మిల్లులు, సినిమాలు, చిట్‌ఫండ్లు, కాలేజీల్లోకి ఎలా మళ్ళారో పరిశోధకురాలు కెరొల్ ఉపాధ్య 1988లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో చర్చించారు. ర్యాంకు కోచింగ్ నుంచి వచ్చింది. నెల్లూరులో 1979లో లెక్కల ట్యూషన్లుగా మొదలైన నారాయణ, విజయవాడలో 1986లో మొదలైన శ్రీచైతన్య, హైదరాబాదు నల్లకుంటలో చుక్కా రామయ్య ఐఐటీ తరగతులు. ఇంటరంటే ఎంపీసీ, ఎంపీసీ అంటే హాస్టలు, హాస్టలంటే తెల్లారుజామున స్టడీ అవర్ అనే జీవితం అక్కడ తయారైంది. తెలుగువాళ్ళకు లెక్కలు రక్తంలోనే ఉన్నాయనే గొప్ప ఒకటి మనలో తిరుగుతుంటుంది. దానికి ఆధారం ఏమీ లేదు. ఒకే పాఠాన్ని రోజుకు పన్నెండు గంటలు రుబ్బించే వ్యవస్థను ఏ జాతి పిల్లలకు పెట్టినా పరీక్షలో లెక్కలు వస్తాయి. దానికి పిల్లలు చెల్లించిన మూల్యం, కొందరు ప్రాణాలతోనే చెల్లించిన సంగతి, గొప్పలు చెప్పేవాళ్ళు జ్ఞాపకం పెట్టుకోవాలి.

అసలు నిర్ణయాత్మకమైన సాక్ష్యం వీసాల దగ్గర ఉంది. అమెరికా 1990 వలస చట్టంతో హెచ్-1బీ వీసా పుట్టింది, ఏడాదికి 65 వేల పరిమితితో. రెండువేల సంవత్సరంలో పాత ప్రోగ్రాములు తేదీలు తప్పు చదువుతాయన్న వైటూకే భయం, డాట్‌కామ్ జోరు కలిసి అక్కడ మనుషుల కొరత తెచ్చాయి. 1998 చట్టం పరిమితిని 1 లక్షా 15 వేలకు, 2000 చట్టం 1 లక్షా 95 వేలకు పెంచాయి. అమీర్‌పేటలో కోబాల్, తరువాత ఒరాకిల్, జావా శిక్షణ కేంద్రాల బోర్డులు గోడలు కనబడకుండా వేలాడిన రోజులవి. అక్కడ చేరిన వాళ్ళు ఎవరు? వాళ్ళలో చాలామంది సీఎస్‌ఈ పట్టభద్రులు కారు. సివిల్, మెకానికల్ చదివిన వాళ్ళు, ఎమ్మెస్సీ వాళ్ళు, బీకాం వాళ్ళు, ఎంసీఏ వాళ్ళు. ఇప్పుడు మైక్రోసాఫ్ట్‌కు అధిపతిగా ఉన్న సత్య నాదెళ్ళ కూడా మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్సు పట్టా తీసుకున్నది అమెరికా వెళ్ళాక. అంటే ఉద్యోగం ముందు వచ్చింది, బ్రాంచి తరువాత వచ్చింది. సివిల్ చదివి కోడు రాస్తున్న అన్నను చూసి, ఆ చుట్టుదారి ఎందుకని తమ్ముడిని నేరుగా సీఎస్‌ఈలో చేర్పించారు. కోరిక కుదురుకున్న క్షణం ఇదే. హైదరాబాదు, సిడ్నీల మధ్య తిరుగుతూ ఈ మనుషుల్ని పరిశీలించిన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావో 2007లో ప్రచురించిన పుస్తకంలో, ఈ చదువులకూ ప్రయాణాలకూ పెట్టుబడి పొలం మిగులు నుంచీ కట్నం నుంచీ వచ్చిందని చూపించాడు. అమెరికా సంబంధం ధర పెరగడం, ఆ ధరతో ఇంకొకడి చదువు నడవడం మనం కళ్ళారా చూసిందే. ఇష్టం, కష్టం, సిగ్గుచేటు మూడూ ఈ లెక్కలో కలిసిపోయాయి.

నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వల్లే ఇదంతా వచ్చిందనే మాటకు ఇప్పుడు జవాబు చెప్పడం సులువు. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను వాజపేయి ప్రారంభించింది 1998 నవంబరులో. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైనవీ ఆ ఏడే. సత్యం కంప్యూటర్స్ 1987 నాటిది, కోచింగ్ కాలేజీలు అంతకంటే పాతవి, కర్ణాటక ప్రయాణాలు కూడా అంతే. ఆయన గాలివాటం కనిపెట్టి తెరచాప ఎత్తారు, అది చిన్న విషయం కాదు. వెళ్ళిపోయేవాళ్ళకు ఊళ్ళోనే ఉద్యోగం దొరికే వీలు కలిగింది. కానీ గాలి అంతకుముందే వీస్తోంది. ఒక నాయకుడి దార్శనికత అనే మాటలో పొలం అమ్మి ఫీజు కట్టిన వేల ఇళ్ళ నిర్ణయాలు మాయమైపోతాయి, నా ఆక్షేపణ అక్కడ.

గాలివాటమే అయితే గాలి తగ్గినప్పుడు కోరిక ఎందుకు చావలేదు? ఇది గట్టి ప్రశ్న. 2000-01లో డాట్‌కామ్ బుడగ పేలింది, వెళ్ళినవాళ్ళు పెట్టెలతో తిరిగొచ్చారు. 2008లో అమెరికా బ్యాంకులు కూలాయి. 2009 జనవరి 7న సత్యం లెక్కలు బూటకమని ఆ సంస్థ అధిపతి రామలింగరాజే ఒప్పుకున్నారు. ప్రతిసారీ ఇళ్ళలో ఈసీఈ పేరు కొంతకాలం ముందుకొచ్చింది. ఆ లెక్క కూడా చూడండి: ఎలక్ట్రానిక్స్ ఉద్యోగం రాకపోయినా సాఫ్ట్‌వేర్‌లోకి దూరవచ్చని. అంటే వెనక్కి తగ్గినప్పుడు కూడా తలుపు దగ్గరే నిలబడ్డారు. అప్పటికే ప్రతి ఊళ్ళో వెళ్ళివచ్చినవాడు ఒకడున్నాడు, ఏ కోర్సు, ఏ కన్సల్టెన్సీ, ఏ విశ్వవిద్యాలయం అన్నది ఫోన్లో చెప్పగలిగేవాడు. చిలుకూరు బాలాజీకి వీసా దేవుడనే పేరు స్థిరపడింది. 2008లో హైదరాబాదులోనే అమెరికా కాన్సులేటు వచ్చింది, చెన్నై ప్రయాణం తప్పింది. బ్రూకింగ్స్ సంస్థ లెక్క ప్రకారం 2008-12 మధ్య ఒక్క హైదరాబాదు నుంచే సుమారు 26 వేల మంది విద్యార్థి వీసాల మీద అమెరికా వెళ్ళారు. భారతీయ నగరాల్లో అదే మొదటిది, ప్రపంచంలో నాలుగోది. అందులో దాదాపు ఐదింట నాలుగు వంతులు సైన్సు, టెక్నాలజీ చదువులకే.

డెల్టా కులాల కోరికగా మొదలైంది అందరి కోరికగా మారడానికి మరో పదేళ్ళు పట్టింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంటును వెనకబడిన తరగతులకూ, పేదలైన ఇతరులకూ విస్తరించడంతో పాలమూరు కూలీ కొడుకు, శ్రీకాకుళం మత్స్యకారుడి కూతురు కన్వీనర్ కోటాలో ఇంజనీరింగు చేరగలిగారు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పల్లె పిల్లల కోసం ట్రిపుల్ ఐటీలు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. వాటిలో కొన్ని రీయింబర్స్‌మెంటు డబ్బు కోసమే పుట్టి, ఆ డబ్బు ఆలస్యం కాగానే మూతపడ్డాయి. అదీ చరిత్రే. ఆడపిల్లల సంగతి విడిగా చెప్పుకోవాలి. సీట్లలో మూడో వంతు వాళ్ళకు కేటాయింపు ఉంది, కానీ సైటు మీదికి పంపడానికి జంకే సమాజం వాళ్ళను సివిల్, మెకానికల్ వైపు రానివ్వలేదు. ఏసీ గదిలో కూర్చుని చేసే పని, కంపెనీ క్యాబు, మంచి జీతం అనగానే అదే సమాజం ఒప్పుకుంది. కారణం పితృస్వామ్యపు జంకే కావచ్చు, ఫలితంగా మాత్రం ఒక తరం ఆడపిల్లలు సొంత బ్యాంకు ఖాతాతో, పెళ్ళి వాయిదా వేయగల బలంతో బయటికొచ్చారు. వాళ్ళు సీఎస్‌ఈ కోరుకోవడాన్ని గొర్రెల మందతో పోల్చేవాళ్ళు ఈ ఒక్క విషయం చూసినా నోరు అదుపులో పెట్టుకుంటారు.

మిగిలింది అసలు ఆక్షేపణ: శాస్త్రం మీద ఇష్టం లేకుండా చదివినవాళ్ళ వల్ల శాస్త్రానికి మేలేముంది? ప్రోగ్రాము రాయడం రాని పట్టభద్రులు, జిరాక్స్ ప్రాజెక్టులు, అమీర్‌పేటలో మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవడం — ఇవన్నీ నిజాలు. తెలుగు నేల ఇన్ని లక్షల మంది కంప్యూటర్ ఇంజనీర్లను ఎగుమతి చేసి, తెలుగులో కంప్యూటర్ శాస్త్రాన్ని చెప్పే మంచి పుస్తకాలను చేతివేళ్ళ మీద లెక్కపెట్టేలా మిగుల్చుకుంది. కానీ ఈ నేరాన్ని కోరిక మీద మోపలేం. ఇష్టం తరచు చదువులోకి దిగాక పుడుతుంది, ముందే ఉండాలన్న షరతు పెడితే పుస్తకాలూ ల్యాప్‌టాపులూ ఉన్న ఇళ్ళ పిల్లలే మిగులుతారు. ఇంట్లో కంప్యూటర్ చూడకుండా మొదటి ఏడాది చేరిన అమ్మాయిలో ఆ ఇష్టాన్ని పుట్టించాల్సిన బాధ్యత ప్రయోగశాలది, పంతులుది. ఆ రెండింటి మీదా పొదుపు చేసింది పదిహేడేళ్ళ పిల్లలు కాదు.

అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2024-25 నుంచి ఒక బ్రాంచిలో ఇన్నే సీట్లుండాలన్న పై పరిమితిని ఎత్తేసింది. యాజమాన్యాలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి ఆ మేరకు సీఎస్‌ఈ పెంచుకుంటామని దరఖాస్తులు పెడుతున్నాయి. సరిగ్గా ఇదే వేళ ప్రోగ్రాములు రాసే యంత్రాలు వచ్చి, కంపెనీలు కొత్తవాళ్ళను తీసుకోవడం తగ్గిస్తున్నాయి. కాబట్టి సీఎస్‌ఈ ఎందుకన్న ప్రశ్నను ఈసారి కౌన్సెలింగు హాల్లో పిల్లల్ని అడిగే ముందు, సీట్లు పెంచమని అడిగిన కాలేజీలను, వాటికి అనుమతిచ్చే అధికారులను అడగండి: ఈ సీట్లకు తగ్గ పంతుళ్ళు మీ దగ్గర ఎంతమంది ఉన్నారు?